కల్లంలో తట్టుకునే కెమెరా

గుంటూరు బ్రాడీపేటలోని తన దుకాణంలో కరీముల్లా రెండు ఫిల్మ్ కెమెరాలు గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తది, ప్లాస్టిక్‌ది. రెండోది వాడినదే అయినా మెటల్ బాడీ. అంచుల్లో నల్లరంగు అరిగి ఇత్తడి కనిపిస్తోంది. ధర మాత్రం కొత్తదానికి మూడింతలు.

శివపార్వతి బరువైన మెటల్‌దాన్నే చేతిలోకి తీసుకుంది. వెనక మూత తెరిచి, వెలుగుకేసి పట్టి మీట నొక్కింది. లోపలి తెర టక్కున తెరుచుకుని మూసుకుంది.

"ఎక్కడ తీస్తారమ్మా ఫొటోలు?"

"మిరప కల్లంలో."

కరీముల్లా ప్లాస్టిక్‌దాన్ని పక్కకు జరిపాడు. "ఇది రెండు సీజన్లు కూడా ఆగదు. మీట కిందకి ధూళి దూరిందా, అంతే. అదైతే మీ మనవలు కూడా వాడతారు."

"ఈ చిన్నదే తీసుకో పార్వతీ. పోతే పోయింది," అన్నాడు భర్త అంకమ్మరావు.

"పోయేదాన్ని కొనడమెందుకండీ?"

"అయితే ఆగు. మన కాయలు కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయిగా. రేటు రానీ, ఆ బరువుదే కొందాం."

ఆమె సరేనంది. పర్చూరు దగ్గర వాళ్ళ కల్లంలో, ఆరబోసిన కాయల మధ్య తిరగేసేవాళ్ళకని సన్నటి దారులు వదిలేవారు. నాలుగేళ్ళ కూతురు శ్రీదివ్య రెండు చేతులూ చాచి, కాయ తొక్కితే నాయనమ్మ కేకలేస్తుందని మునివేళ్ళ మీద ఆ దారుల్లో నడిచేది. నడుమ తుమ్ము వస్తే ఆగి, తుమ్మి, మళ్ళీ చేతులు చాచేది. శివపార్వతికి కావలసింది ఆ ఒక్క ఫొటో.

ఆ ఏడు రేటు రాలేదు. వచ్చిన ఏడు బోరు ఎండింది. గుంటూరు వెళ్ళినప్పుడల్లా ఆమె దుకాణం దగ్గర ఆగేది.

"మీట బిగుసుకుపోకుండా మీ కోసం అప్పుడప్పుడూ నొక్కుతున్నానమ్మా," అని నవ్వేవాడు కరీముల్లా.

తర్వాత స్టూడియోలన్నీ డిజిటల్‌కి మారిపోయాయి. బరువు కెమెరా ధర, ఒకనాటి ప్లాస్టిక్‌దానికన్నా కిందికి దిగింది.

"చూశావా, ఆగబట్టి ఎంతకొచ్చిందో!" అన్నాడు అంకమ్మరావు, తన సరుకుకే మంచి రేటు పలికినంత సంబరంగా.

మర్నాడు రీలు వేసిన ఆ కెమెరాతో, కల్లం గట్టున తొమ్మిదో తరగతి పుస్తకం చదువుకుంటున్న కూతురి దగ్గరికి వెళ్ళింది శివపార్వతి.

"దివ్యా, ఆ దారిలో ఒక్కసారి నడవ్వే."

"అబ్బా, అమ్మా! కాళ్ళు మండుతాయి."

బతిమాలితే వచ్చింది. హాల్‌టికెట్ ఫొటోకి నిలబడ్డట్టు చేతులు దగ్గర పెట్టుకుని, "అయిందా?" అని రెండుసార్లు అడిగి, చెప్పులు టపటపలాడించుకుంటూ గట్టుకి వెళ్ళిపోయింది.

శివపార్వతి ఇంకా మీట నొక్కలేదు. దారి మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగేళ్ళ పిల్ల ముఖం ఉండే ఎత్తుకి కెమెరాను దించింది. కాయల మధ్య ఖాళీ దారి స్పష్టంగా కుదిరేదాకా లెన్స్ తిప్పి, నొక్కింది.

గాలికి ఎర్రటి ధూళి లేచి చేతులమీద, కెమెరామీద పడింది. ఆమెకు తుమ్ము వచ్చింది. రీలు తిప్పి మీట మళ్ళీ నొక్కి చూసింది. టక్కుమంది.