ఐదో సీసా

ఎనిమిదిన్నరకల్లా చుక్కలమ్మ గది తాళం తీసి, కిటికీ తెరిచి, బల్ల తుడిచి, ఐదు సీసాలూ వరసగా పెట్టేది. ఒకటోది తీపి, రెండోది ఉప్పు, మూడోది పులుపు, నాలుగోది చేదు, ఐదోది వట్టి మంచినీళ్ళు. పక్కన ఒక డ్రాపరు, పుక్కిలించడానికి గ్లాసు, ఉమ్మడానికి బేసిను. వాసనలకి వేరే పన్నెండు పెన్నులుండేవి. మూత తీసి ముక్కు కింద పెడితే ఒకటి సబ్బు, ఒకటి పొగ, ఒకటి గులాబీ. రోగి నాలుక చాపితే చుక్క వేయడం, "ఏంటిది?" అని అడగడం, చెప్పింది ఫారంలో రాసి పక్కన "సరి" అనో "తప్పు" అనో వేయడం, ఇదీ ఆవిడ ఉద్యోగం. హాజరుపట్టీలో ఆవిడకో పేరు లేకపోలేదు గానీ ఆస్పత్రిలో చిన్నా పెద్దా అందరికీ చుక్కలమ్మే.

పెద్ద జబ్బుకి మందు ఎక్కించుకునేవాళ్ళకి నోట్లో రుచి, ముక్కులో వాసన ఎప్పుడు పోతాయో, ఎంత పోతాయో తేల్చాలని డాక్టరుగారు పెట్టిన పరిశోధన అది. రోగులు రెండు వారాలకోసారి వచ్చి నాలుక చాపి వెళ్ళేవాళ్ళు. కొందరికి ఏం తిన్నా ఇనప మేకు చప్పరించినట్టుండేది. కొందరికి తడి కాగితం నమిలినట్టుండేది. "పాతికేళ్ళ తర్వాత మా ఆవిడ వంటకి వంక పెట్టకుండా తింటున్నానండీ" అని ఒక గుమాస్తా నవ్వించబోయి, మాట మధ్యలోనే కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పోయిన రుచులు ఐదో సీసాలో చేరేవి. మిగతా నాలుగింట్లో అప్పటికే ఒక్కో రుచి కాపురముంది కదా, ఖాళీగా ఉన్నదాంట్లోకి వచ్చి ఉండేవి. డాక్టరుగారికి వాటితో పేచీ ఏమీ లేదు, లెక్కలు పాడవుతాయన్న బెంగ తప్ప. ఆ సీసా గది దాటకూడదనీ, నీళ్ళు తగ్గితే కాచి చల్లార్చినవి పోయాలనీ గోడకి కాగితం అంటించారు.

ఫారం ప్రకారం ఐదో సీసాకి సరైన జవాబు "ఏమీ లేదు". అయితే ఐదో చుక్క పడ్డప్పుడు, రోగి పోగొట్టుకున్న రుచి అందులో ఇంకా ఉంటే అది మనిషిని గుర్తుపట్టి వచ్చేసేది. రోగి ఉలిక్కిపడి "ఉప్పు!" అనేవాడు, లేదా "మాడిన పాలు!" అనేవాడు. చుక్కలమ్మ దాని పక్కన "తప్పు" అని వేసేది. ఆ తప్పు పడ్డవాళ్ళు ఆ పూటనుంచే కడుపునిండా తినేవాళ్ళు. పదిమందిలో ఒకరికి పడితే పడినట్టు. అందుకే వరండాలో బెంచీల మీద కూర్చున్న ఇంటివాళ్ళు ఆవిడ కొంగు పట్టుకున్నంత పని చేసేవాళ్ళు. "ఐదో దానికి మాకో తప్పు రాద్దురూ, మీకు పుణ్యముంటుంది!"

"రాయడం నా చేతిలో లేదమ్మా, ఆయన నాలుక చేతిలో ఉంది" అనేది చుక్కలమ్మ. అంటూనే చుక్క కాస్త పెద్దదిగా వేసేది.

ఇంట్లో ఆవిడకి అత్తగారున్నారు. భర్త పోయి ఆరేళ్ళయినా, వేరే ఎక్కడికి పోవాలో తోచక అత్తాకోడళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండిపోయారు. అత్తగారు ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. రిటైరై పుష్కరం దాటినా, వంటింట్లో కోడలు అడ్డొస్తే "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి!" అని అరిచేది. ఆవిడకి పొట్టలో గడ్డ. మందు ఎక్కించేది కూడా ఆ ఆస్పత్రిలోనే. ఇప్పుడావిడకి అన్నం, బ్రెడ్డు, పాలు అన్నీ ఒకటే, అన్నీ సున్నపు తేటే. రోజు మొత్తం మీద నాలుగు చెంచాలు మింగితే గొప్ప.

ఉద్యోగుల బంధువుల్ని పరిశోధనలో చేర్చుకోకూడదని రూలు. దాంతో అత్తగారి రుచులు ఐదో సీసా దాకా రానే లేదు, ఇంట్లోనే ఎక్కడో పోయాయి. కోడలు వెతకని చోటు లేదు. కుళాయి నీళ్ళు, పూలకుండీ పళ్ళెంలో నీళ్ళు, ఇస్త్రీకి చల్లే నీళ్ళు, అన్నీ నాలుక మీద వేసుకుని చూసింది.

"ఫ్రిజ్జు కింద ట్రేలో నీళ్ళు కూడా తాగావటే? నువ్వు మంచాన పడితే నన్నెవరు చూస్తారే మొద్దూ!" అని అత్తగారు కేకలేసింది.

ఆ సోమవారం నర్సు అత్తగారిని త్రాసెక్కించింది. ముప్ఫై తొమ్మిది కిలోలు కూడా పూర్తిగా లేవు.

"నలభై లేకపోతే మందుకి ఒళ్ళు తట్టుకోదమ్మా. మళ్ళీ రెండు వారాలకి రండి. అప్పటికీ నలభైకి రాకపోతే ఇక మందు ఆపేస్తారు" అంది నర్సు.

ఆపేస్తే ఎన్నాళ్ళని చుక్కలమ్మ బయటికొచ్చి అడిగింది. వారాలు. ఎక్కిస్తే? నెలలు, అంతకంటే ఆశ పెట్టుకోవద్దంది నర్సు. నెలలే కానీ, ఆ నెలలు చుక్కలమ్మకి కావాలి. ఆ గొంతు లేని ఇంట్లోకి తాళం తీసుకుని వెళ్ళడం ఆవిడ ఊహకి అందలేదు.

ఆ గురువారమే రంగులాయన వచ్చాడు. గోడలకి రంగులేసే పని ఆయనది, గోళ్ళలో ఇంకా నీలంరంగు ఉంది. ఆయనకిది రెండోసారి. మూడో సీసా చుక్క పడగానే మొహం వికసించింది.

"పులుపొక్కటే మిగిలిందమ్మా నాకు. చూడండి, అదన్నా వదల్లేదు! రోజూ పని దిగాక ఓ నిమ్మకాయ ముక్క తొక్కతో సహా నమలందే గొంతులోంచి పెయింటు పోదు. అలా అలవాటైన నోరు ఇది" అంటూ ఉండగానే ఆగాడు. పెదవులు తడుముకున్నాడు. "పోయింది" అన్నాడు.

ఐదో సీసాలో నీళ్ళు చిన్నగా తిరిగి, నిలకడగా అయ్యాయి. చుక్కలమ్మ వెంటనే అందులోంచి చుక్క వేసింది. సీసాలోకి వెళ్ళిన రుచి ఆ రోజే తిరిగి రాదని తెలిసినా, మనసూరుకోక వేసింది.

"వచ్చేసారి దొరుకుతుందిలెండి" అంది ఆయన భార్య, ఆయన చొక్కా గుండీ పెడుతూ. "మూడోసారేగా ఆఖరు. తప్పకుండా దొరుకుతుంది."

మర్నాడు చుక్కలమ్మ దగ్గుమందు సీసా ఒకటి కడిగి సంచిలో వేసుకొచ్చింది. ఐదో సీసాలోంచి నాలుగు చెంచాలు అందులోకి వంచింది. ఎవరి రుచైనా సరే, అత్తగారి నోట్లో నిలవకపోతుందా అనుకుంది. ఈ సీసాలో చనిపోయి మళ్ళీ రాలేనివాళ్ళ రుచులు ఎన్ని ఉన్నాయో, టీచరమ్మ, గుమాస్తా, కవలల తల్లి, వాళ్ళకి ఇక వీటితో పనేముంది అని తనకి తాను నచ్చజెప్పుకుంది. నీళ్ళలో ఎవరిది ఎక్కడుందో విడదీయడం ఎవరి తరమూ కాదని ఆవిడకి తెలియక కాదు.

"ఏంటే ఇది?" అంది అత్తగారు చెంచా చూసి.

"బలానికి, అత్తయ్యా. నోరు తెరవండి."

అత్తగారు గుటక వేసింది. తర్వాత దవడలు గట్టిగా బిగిసి, కళ్ళలో నీళ్ళూరాయి.

"అబ్బ!" అంది. "ఇంట్లో నిమ్మకాయ ఉందా? కొయ్యవే తొందరగా. ఊఁహూఁ, పిండొద్దు. ముక్క కోసి తొక్కతో సహా ఇయ్యి."

చాకు పట్టుకున్న చుక్కలమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ ఇంట్లో ఎవరూ నిమ్మకాయ అలా తినరు. నోట్లోది ఎవరిదో ఆవిడకి అర్థమైపోయింది. ఆ మనిషి బతికే ఉన్నాడు, వచ్చే వారం కాక పై గురువారం వస్తాడు.

ఆవిడ అక్కడితో మానెయ్యాల్సింది. మానలేదు. ముక్క కోసి ఇచ్చింది, రెండో చెంచా కూడా పోసింది. సిగ్గుతో చెవులు వేడెక్కుతుంటే అత్తగారు నమలడం చూస్తూ నిలబడింది, ఆ చూడటంలో ఆవిడకి సంతోషంగానే ఉంది.

ఆ తర్వాత రోజూ పట్టుకొచ్చింది. అత్తగారు బ్రెడ్డు మీద నిమ్మరసం పిండించుకుంది, అన్నంలో పిండించుకుంది, చివరికి ఉప్మాలోనూ టీలోనూ కూడా పిండమంది. "ఈ గుడ్డు సరిగ్గా ఉడకలేదు, ఆ రొట్టె మాడింది" అని ఏకరువు పెట్టింది. తిట్లు పడుతున్నకొద్దీ కోడలు పెనం దగ్గర కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

సోమవారం త్రాసు నలభై మీద రెండు వందల గ్రాములు చూపించింది.

"చెప్పులతో కలిపి కాదు కదా?" అంది నర్సు.

"చెప్పులు ఇవిగో, చేతిలో ఉన్నాయి. సరిగ్గా చూసుకో" అంది అత్తగారు. మందు ఎక్కించారు.

గురువారం రంగులాయన వచ్చాడు. చొక్కా లోపల మనిషి సగమయ్యాడు. భార్య చేయిపట్టి కుర్చీలో కూర్చోబెట్టి, తను తలుపు దగ్గర నిలబడింది. డాక్టరుగారు కూడా వచ్చారు, ఆఖరి పరీక్షలకి ఆయన ఉండాలి.

తీపి. "ఏమీ లేదమ్మా." ఉప్పు, పులుపు, చేదు. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. చుక్కలమ్మ నాలుగింటికీ తప్పు వేసింది. ఐదో సీసా ఎత్తి, డ్రాపరు నిండా తీసుకుని, ఒక చుక్క కాదు, ఎనిమిది చుక్కలు వేసింది. డాక్టరుగారు చూసి, కిటికీవైపు తిరిగారు.

రంగులాయన కళ్ళు మూసుకున్నాడు. నాలుకని అంగిలికి రాశాడు, బుగ్గల్లో తిప్పాడు. తలుపు దగ్గర ఆయన భార్య కూడా తన నోరు కదిపింది.

"నీళ్ళు" అన్నాడు కళ్ళు తెరిచి. "మంచినీళ్ళేనమ్మా. ఏమీ లేదు."

చుక్కలమ్మ కలం కదల్లేదు. డాక్టరుగారు ఆవిడ భుజం మీదుగా వంగి చూసి, "సరి వెయ్యండి" అన్నారు. ఆవిడ "సరి" అని వేసింది.

భార్య ఏడవలేదు. ఆయనకి చెప్పులు తొడిగి, సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"గుడ్లు ఉడికించి, ఉప్పేసి నిమ్మకాయ పిండానమ్మా, ఒకవేళ ఇవాళ దొరికితే ఇక్కడే పెడదామని. ఇంక వీరిని బలవంతపెట్టను. పారెయ్యాలంటే చేతులు రావడం లేదు. మీ ఇంట్లో ఎవరైనా తింటారేమో తీసుకెళ్ళండి. డబ్బా ఉంచేసుకోండి, మేమింక ఇటు రాము."

చెప్పెయ్యాలని చుక్కలమ్మ నోరు తెరిచింది. చెప్తే ఏమిస్తావు వెనక్కి అని లోపలినుంచి ప్రశ్న వచ్చింది. డబ్బా తీసి సంచిలో పెట్టుకుంది. వాళ్ళిద్దరూ వరండా పట్టుకుని మెల్లగా నడిచి, మూడు చోట్ల కూర్చుని, మెట్లు దిగిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి ఆవిడ ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. డబ్బా చూసి చెయ్యి చాపింది. ఒక గుడ్డు తింది, రెండోది తింది, అడుగున మిగిలిన రసం చూపుడువేలితో తుడిచి నాకింది.

"ఎవరే చేసింది? నీ చేతి వంట కాదిది. నా నోరెరిగి చేసినట్టు చేసింది, ఎవరో గానీ."

"ఆస్పత్రిలో ఒకావిడండీ."

"రేపు ఇంకో రెండు పెట్టమను" అంది అత్తగారు.

"చెప్తానత్తయ్యా" అంది చుక్కలమ్మ.