పంచకం పట్టిన వార్డు

"శవాల గదిలో పడుకుంటే, నన్ను చూసి శవాలే గోడవైపు తిరిగి పడుకున్నాయండీ" అని కొండబాబు రాజోలు బస్సులో చెప్పేవాడు. లంకలో ఉన్న సర్కారు ఆసుపత్రికి వాడు రికార్డు గుమాస్తా కాబట్టి జనం నమ్మేవారు. ఆ ధైర్యం ఎనభై మూడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం దాకా నిలిచింది.

ఆడవాళ్ళ వార్డుకి తాళం పడి అప్పటికి రెండు నెలలు. ఆరో నంబరు మంచం మీద అచ్చయమ్మ అనే ముసలావిడ పోయిన రోజున కొండబాబు ఓ మాటన్నాడు: "ధనిష్ఠా పంచకంలో పోయేరండీ. శరభయ్య సిద్ధాంతిగారు కాశీ వెళ్తూ చెప్పేరు." చెడ్డ నక్షత్రంలో చావొస్తే ఇల్లయినా నెలల తరబడి పాడుపెట్టాలి, వార్డు మాత్రం ఇల్లు కాదా? తెల్లారేసరికి పన్నెండు మంచాలూ ఖాళీ. ఒకావిడ సెలైను సీసా చేత్తో ఎత్తిపట్టుకునే పడవెక్కింది.

అంతలో కొత్త రూలు దిగింది. పడకలు నిండని వార్డులు ఎత్తేసి, మంచాలు పట్నం పంపాలట. వార్డు పోతే నొప్పులొచ్చిన ఆడమనిషి గోదారి దాటాలి. శ్రావణంలో గోదారి ఎవరి నొప్పులూ వినదు.

ఆ మధ్యాహ్నం వాన వెలిసింది. కాకి కూడా అరవడంలేదు. కొండబాబు రోజూలాగే వార్డు తలుపుకి తాళంచెవి పెట్టాడు. లోపల మంచం కిర్రుమంది. ఆ చప్పుడు వాడికి తెలుసు. ఆరో నంబరుదే, దాని కాలు పొట్టిది, కింద ఇటుక పెట్టింది వాడే.

కిటికీ సందులోంచి చూశాడు. కనిపించినంత మేర దోమతెరలన్నీ పైకి కట్టి ఉన్నాయి. ఆరోది దింపి ఉంది. గాలి లేదు, అయినా ఆ తెర ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతోంది, తగ్గుతోంది. "అమ్మా..." అని ఎవరో మూలిగారు.

చెప్పులు గుమ్మంలోనే ఉండిపోయాయి. కొండబాబు పడవల రేవు దగ్గర తేలాడు.

అక్కడ బల్లకట్టు దిగిన జీపు ఎదురైంది. లోపల తనిఖీకొచ్చిన ఆఫీసరు, పక్కన కాశీ నుంచి దిగిన శరభయ్యగారు. వాణ్ణి ఎక్కించుకుని వెనక్కి తెచ్చారు.

ఆఫీసరు వార్డు గుమ్మం ముందు నిలబడి రిజిస్టరు తిప్పాడు. "రెండు నెలలూ సున్నాలే. ఎవరికీ అక్కర్లేని వార్డన్నమాట."

"పంచకమండీ, అందుకే రావట్లేదు" అన్నారు చుట్టూ చేరినవాళ్ళు.

శరభయ్యగారు సంచీలోంచి పంచాంగం తీశారు. "అచ్చయమ్మ పోయిన రోజు హస్త కదర్రా! పంచకమని ఎవడు కూసేడు?"

అందరూ కొండబాబు వైపు తిరిగారు. అప్పుడే తాళం వెనక మూలుగు. ఆఫీసరు కలం ఆగింది. మరుక్షణం పసిబిడ్డ కేక.

పెరటి తలుపు తీసుకుని ఆయా వీరాయమ్మ వచ్చింది, చేతులు తడితో. "నేనే తెచ్చేనండీ. మా సాలమోను పెళ్ళాం. మా పేటలో పంచకాల్లేవండి, నొప్పులున్నాయి. ఆడపిల్లండి."

కొండబాబుకి ప్రాణం లేచొచ్చింది. "ఆరో మంచం మీద పడుకోబెట్టేవా అత్తా?"

"ఆరోదెందుకు? ఒకటో నంబరు మీద. అటుకేసి నేనెళ్ళనేలేదు."

లోపల మంచం కిర్రుమంది.

"ఇది ఎవడి వల్ల ఖాళీ అయిందో రాసిస్తేనే వార్డుంటుంది" అన్నాడు ఆఫీసరు.

కొండబాబు ఆయన్ని చూడలేదు. తలుపు అవతల ఆరో మంచం ఉన్న వైపు తిరిగి చేతులు జోడించాడు.

"రాసిస్తానండీ అచ్చయమ్మగారూ! శరభయ్యగారు ఏమీ చెప్పలేదు, నేనే కల్పించేను. ఆసుపత్రి మొత్తానికి ఈ వార్డులోనే ఫ్యానుందండీ... మధ్యాహ్నం కాసేపు పడుకుందామని."