గురువారం రాత్రి పెళ్లి

శ్రీపతిగారి ఫంక్షన్ హాలు నాంపల్లిలో ఉంది. ఆయన బుకింగులు చూసే సాఫ్ట్‌వేర్ పుట్టింది ఆబిడ్స్‌లో, చెప్పుల దుకాణం పై అంతస్తులోని చిన్న ఆఫీసులో. రాసింది హైందవి. పనిమంతురాలే, కాకపోతే తన పనిలో తప్పుందంటే కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఏంది బిడ్డా, రాత్రి ఏడింటి రిసెప్షన్‌ను నీ కంప్యూటర్ మధ్యాహ్నం ఒకటిన్నర అని చూపిస్తది? వంటోల్లు పొద్దుగాలనే వచ్చి కూసున్నరు," అన్నాడు శ్రీపతి ఫోన్లో.

చూస్తే నిజమే. డేటాబేస్‌లో టైమ్ జోన్ మార్చడం మరిచిపోయింది. అది లండన్ లెక్కలో, మనకన్నా ఐదున్నర గంటలు వెనక నడుస్తోంది. భారత కాలమానానికి మార్చగానే ఏడు ఏడుగా కనిపించింది. దీనికింత గోలా అని విసుక్కుంటూ క్యాలెండర్ చూసిన హైందవికి ఒక గురువారం ఖాళీగా కనిపించింది. ఎవరో రద్దు చేసుకున్నారనుకుంది.

ఆ నెలలో మంచి రోజులే తక్కువ. హైందవి నిశ్చితార్థానికి హాలు దొరక్క వాళ్లమ్మ వరలక్ష్మి హిమాయత్‌నగర్ నుంచి ఖైరతాబాద్ దాకా కాళ్లరిగేలా తిరుగుతోంది. హైందవి ఆ సాయంత్రాన్ని బుక్ చేసేసింది. వాళ్లమ్మ అరగంటలో వియ్యాలవారితో సహా అందరికీ చెప్పేసింది.

మర్నాడు మళ్లీ శ్రీపతి ఫోన్. "బిడ్డా, గురువారం రాత్రి మా బిడ్డ శ్రీనిధి పెండ్లి. కార్డులు గూడ పంచినం. గాడ నీ పేరు కనిపిస్తున్నది, ఏంది?"

హైందవి ఆ పెళ్లి బుకింగు తెరిచి చూసింది. ముహూర్తం తెల్లవారుజామున మూడు నలభైకి. శుభలేఖలో 'గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం' అనే వేస్తాం. సూర్యుడు వస్తేగానీ మనకు రోజు మారదు, కంప్యూటర్‌కు అర్ధరాత్రే మారుతుంది. పాత తప్పు లెక్కలో ముహూర్తం వెనక్కి జరిగి గురువారంలోనే పడింది కాబట్టి ఇన్నాళ్లూ సరిపోయింది. తప్పు దిద్దగానే పెళ్లి శుక్రవారానికి గెంతింది.

తారీఖు ప్రకారం మీ పెళ్లి శుక్రవారమే కదా అని వాదించొచ్చు. ఒక్క క్షణం ఆ బుద్ధి పుట్టింది కూడా. వెంటనే సిగ్గేసి, ఆటో ఎక్కి నాంపల్లి వెళ్లింది.

"తప్పు నాదే అంకుల్. నా నిశ్చితార్థం తీసేస్తున్నాను," అంటుంటే ఏడుపొచ్చేసింది. అమ్మకేం చెప్పాలి?

శ్రీపతి భార్య జయమ్మ చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది. "ఏడ్వకు. మీది ఎన్ని గంటలకు?"

"సాయంత్రం ఆరింటికి, ఆంటీ."

"పెండ్లికొడుకు దిక్కోల్లు పదింటికి వస్తరు. మీరు చేస్కొని బువ్వ తినుర్రి. గదే స్టేజి, గవే పూలు. కానీ తినంగనే పోతమంటే నేనొప్ప. తెల్లారంగ మా బిడ్డ మీద అక్షింతలేసే పోవాలె, మీ అత్తగారోల్లు గూడ."

హైందవి కంప్యూటర్ తెరిచి రెండు పేర్లూ గురువారం కింద రాయబోయింది. రోజుకు ఒకే శుభకార్యం అంటూ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఆ నియమం పెట్టింది తనే. కళ్లు తుడుచుకుని, నవ్వుతూ, ముందు దాన్ని తీసేసింది.