అర్పా ఒడ్డున వడ్డన

"ఏటే, మాకు వండితే విసుగు, ఆఫీసరోళ్లకి వండితే ఉజ్జోగమేటి?" అంది మా అత్త అచ్చియమ్మ, నేను పులిహోర కలుపుతుంటే.

నిజమే. ఏడాదంతా అర్పా నదిలో చేపల్ని పరిశీలించి నివేదిక రాసింది నేను. ఆనకట్ట గేట్లు ఏ కాలంలోనూ పూర్తిగా మూయకూడదు, చేపలు బతికేంత నీరు ముందు నదికి వదిలి, మిగిలిందే కాలవలకూ ఫ్యాక్టరీలకూ పంచాలి అని. ఈరోజు భోపాల్ నుంచి పెద్దాఫీసరు దూబేగారొచ్చి, నదిని చూసి తేల్చేస్తారు. కానీ ఆయనకు వివరించేది నేను కాదు, మా సారు రమణమూర్తి. "మీరు భోజనాల సంగతి చూడండమ్మా, ఆడవాళ్ల చెయ్యి పడితే ఆ రుచే వేరు" అన్నాడాయన. "పోన్లే, ఎండలో తిరగక్కర్లేదు" అని మా ఆయన రైలింజన్ల షెడ్డులో డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆనకట్ట కింద జీపు దిగి చూస్తే కొంప మునిగింది. ఒడ్లు ఒరుసుకుంటూ నీళ్లు! మాఘపున్నమి మేళా స్నానాలకని పొద్దున్నే గేట్లెత్తారు. మధ్యాహ్నం దించేస్తారు. పెద్దసారుకి పుణ్యస్నానం కూడా కలిసొస్తుందని ఈ తేదీ పెట్టింది మా సారే!

"అచ్ఛా, ఇన్ని నీళ్లుంటే ఇంకేం కావాలి? ఫైలు మూసేయండి. రైలుబండి అందుకోవాలి" అన్నారు దూబేగారు హిందీలో, స్నానం ముగించుకొచ్చి తల తుడుచుకుంటూ.

"సార్, మధ్యాహ్నం గేట్లు..."

"ఆకులు వెయ్యండమ్మా" అని సారు నా మాట తుంచేశాడు.

ఆకులు! ఉపాయం తట్టింది. మగాళ్లను విస్తరి ముందునుంచి లేవనివ్వకుండా కొసరి కొసరి వడ్డించడం పెళ్లైన నాటినుంచీ చేస్తున్నదే. గేట్లు దిగేదాకా ఈయన లేవకూడదు. అంతే!

నదికి ఎదురుగా విస్తళ్లు వేశాను. పులిహోర. ఆవ పెట్టిన పనసకూర. గారెలు. "ఇంకొక్కటి సార్, నా మీద ఒట్టు!"

"బస్ బేటీ, బస్!"

పెరుగు మాత్రం పైకి తియ్యలేదు. పెరుగొస్తే భోజనం అయిపోయినట్టే. చారు. అప్పడాలు. మళ్లీ గారెలు.

"పెరుగు తెమ్మంటే ఏటమ్మా ఇది? బండెళ్లిపోద్ది!" సారు పళ్లు కొరికాడు.

"వస్తంది సార్" అన్నాను, గిన్నె మూత మీంచి చెయ్యి తియ్యకుండా.

పైన గేట్లు కిర్రుమన్నాయి.

నీరు వెనక్కి తగ్గింది. రాళ్లు తేలాయి. ఆ తర్వాత ఇసుక. దాని మీద చేపలు టపటపా కొట్టుకుంటున్నాయి. మేళా జనం కేకలేస్తూ ఏరుకుంటున్నారు. దూబేగారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"ఎప్పుడూ ఇంతేనా?"

"గేట్లు మూసిన ప్రతిసారీ ఇంతే సార్" అన్నాను.

"మరి కనీసం ఎంత నీరు వదలాలి?" ఆయన అడిగింది మా సారుని. సారు నావైపు చూశాడు. చెప్పమని కాదు, చెవిలో అందించమని.

గరిటె తీసి మా సారు చేతిలో పెట్టాను.

"డ్రైవర్లింకా తినలేదు. వడ్డించండి సార్."

చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, "రండి దూబేజీ, ఎక్కడిదాకా నీరుండాలో చూపిస్తాను" అంటూ నదిలోకి దిగాను.