ఎర అక్కర్లేని చేప

చేపల సంగతిలో సోంబరుకి పొగరుండేదంటే ఉండేది. ఉండదా మరి! అరకు సంతకి పోయే దారిలో, గెడ్డ ఒడ్డున ఇరవై గడపల ఊరు వాళ్ళది. కొండల్లో రైలు కొత్తగా పడిన ఆ రోజుల్లో లైను పనిచేసే మేస్త్రీలు కూడా సెలవు దొరికితే వచ్చి, "సోంబరూ, ఇవాళ ఏం ఎర పెట్టమంటావు?" అని అడిగి మరీ గాలం వేసేవారు. అతను ముందు ఆకాశం కేసి చూసేవాడు. తర్వాత దోసిట్లో నీళ్ళు పట్టి, వాసన చూసి, కాసింత పుక్కిలించి ఉమ్మేసేవాడు. ఎండ కాసి నీరు తేటగా ఉంటే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం గాలానికి చుట్టమనేవాడు. మబ్బేసి నీరు టీ రంగులో ఉంటే పుంజు మెడ ఈక కట్టమనేవాడు. సాయంత్రం ఉసిళ్ళు లేస్తే ఉసిళ్ళే. కొర్రమీనుకి మాత్రం కప్పపిల్ల, అదీ తేరిన నిలవ నీటిలో. చెప్పింది చెప్పినట్టు జరిగేది. ఇంక అతనితో మాట్లాడగలమా!

అలాంటివాడికి ఆ శ్రావణంలో దేవుడు ముఖం చాటేశాడు.

ముసురు పట్టిన రెండో రోజున అతని పెళ్ళాం గురుబారి ఆడపిల్లని కంది. అంతకుముందు ఇద్దరు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. ఈ గుంట పుట్టగానే ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే సోంబరు వసారాలో కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు. పుట్టిన మూడో రోజుకి ఆ ఏడుపు సన్నబడిపోయింది. తల్లి రొమ్ములో చుక్క లేదు. ఊళ్ళో పాలిచ్చే ఆడది ఇంకొకత్తె లేదు. ఆసుపత్రికి మోసుకుపోదామంటే గెడ్డ పొంగి కాలిబాట మునిగిపోయింది. ఇంటి వెనక ఆవు ఉంది, దాని కింద దూడా ఉంది. కానీ ఆ కొండల్లో ఆవుని పితకరు. పాలు దూడవి, మనుషులు ముట్టుకోకూడదు. అంతే. ఆవుని పితుకుదామన్న మాట ఎవరూ అనలేదు, ఎవరికీ తోచనూ లేదు.

"గంజినీళ్ళు ఎంతకని పోత్తారు? గుంట కడుపులో ఇమడట్లేదు," అంది మంత్రసాని సోములమ్మ. "ఒరే సోంబరూ, కొర్రమీను పులుసు తాగితే బాలింతకి పాలు పడతాయి. ఒక్కపూట సాలదు, రెండు రోజులైనా తాగాల. బేగి ఎల్లు."

"తెత్తానత్తా. నానెల్లి ఉట్టి సేతుల్తో ఎప్పుడొచ్చినాను?" అన్నాడు సోంబరు. పొగరు ఇంకా చావలేదు చూడండి!

తెల్లారేసరికి గెడ్డ ఒడ్డున ఉన్నాడు. దోసిట్లో నీళ్ళు పడితే తన అరచెయ్యే తనకి కనబడలేదు. అంతా ఎర్రమట్టి. ఇలాంటి నీటిలో చేపకి కళ్ళు పనిచెయ్యవు, ముక్కు పనిచేస్తుంది. వెండి కాగితం దండగ, ఈక దండగ, కప్పపిల్ల ఈదినా దానికి కనబడదు. వాసన కొట్టేదే కావాలి. పెంటకుప్ప తవ్వి గుప్పెడు ఎర్రలు తెచ్చాడు. అవి నీటిలో పడగానే జెల్లలు పడ్డాయి, ఒకటి కాదు, తొమ్మిది. వేరే రోజైతే పండగే. బాలింతకి జెల్ల పెట్టకూడదని సోములమ్మ ముందే చెప్పింది. ఒక్కొక్కదాన్నీ తిట్టుకుంటూ మళ్ళీ నీటిలోకి విసిరేశాడు.

మల్లేశు ఇంట్లో కోడిని కోశారని తెలిసి, వెళ్ళి పేగులు అడిగాడు.

"ఏటి, నువ్వే నన్ను ఎరడుగుతున్నావేటి!" అని మల్లేశు నవ్వబోయి, సోంబరు ముఖం చూసి లోపలికి పోయాడు. పేగులు ఆకులో చుట్టి ఇచ్చాడు.

ఆ పేగుల్నీ వరద లాక్కుపోయింది. నీటి అడుగున ఏ కొమ్మకి తగులుకుందో, దారం పుటుక్కున తెగి ఉన్న రెండు గాలాల్లో ఒకటి పోయింది. సోంబరు బురదలో చతికిలబడ్డాడు. వాన వీపు మీద కొడుతూనే ఉంది. ఊరందరికీ ఎర చెప్పినవాడు, తన పిల్ల దగ్గరికొచ్చేసరికి ఏ ఎరా తెలియనివాడైపోయాడు.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి గుమ్మంలోంచే తొంగి చూశాడు. పిల్ల ఏడవడం మానేసింది. నోరు తెరుస్తోంది, శబ్దం రావడం లేదు.

"దొరికిందేటి?" అంది గురుబారి.

"దొరుకుతాది," అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా. నిలబడలేక మళ్ళీ పరిగెత్తాడు.

ఈసారి గెడ్డ వదిలేసి, కింద మునిగిపోయిన వరిమళ్ళ వైపు పోయాడు. అక్కడ నీరు పారదు, మోకాలి లోతున నిలబడి ఉంటుంది. మూలనున్న మడిలో, తుంగ పక్కన, నీటి మీద చాటంత మేర ఎర్రగా వణుకుతోంది. సోంబరు ఆగిపోయాడు. అవి కొర్రమీను పిల్లలు, వేలకి వేలు. వాటి కిందే పెద్ద చేప కాపలా తిరుగుతూ ఉంటుంది.

ఆ చేపకి ఎర అక్కర్లేదు. ఎండైనా వానైనా, తేట నీరైనా బురద నీరైనా ఒకటే. పిల్లల మధ్యన ఏం పడినా అది వచ్చి కరుస్తుంది, ఆకలితో కాదు, కోపంతో. చేపలు పట్టే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ ఎవరూ వెయ్యరు. రెండేళ్ళ కిందట ఊళ్ళో గాసి అనే కుర్రాడు వేయబోతే, వాడి గాలం కర్ర లాక్కుని మోకాలికేసి విరిచినవాడు సోంబరే. "పిల్లల తల్లి మీద గాలమేత్తావా? నువ్వు మనిసివేనా?" అని ఊరంతా వినేలా తిట్టాడు.

సిగ్గేసింది. భయమేసింది. కాళ్ళు వెనక్కి రమ్మన్నాయి. కానీ నోరు తెరిచి శబ్దం లేకుండా ఏడుస్తున్న ఆ గుంట కళ్ళలోంచి పోవడం లేదు. తుండుగుడ్డ అంచు చింపి గాలానికి చుట్టి, సరిగ్గా పిల్లల నడిమధ్యన వేశాడు.

నీరు భళ్ళుమంది. మూరెడు చేప. ఒడ్డుకి లాగి బుట్టలో వేస్తూ సోంబరు గట్టిగానే ఏడ్చేశాడు. "నా పిల్ల సచ్చిపోతంది. ఏటి సెయ్యమంటావు, ఏటి సెయ్యమంటావు నన్ను?" అని చేపనే అడిగాడు.

వెళ్ళిపోదామని లేచాడు. చెదిరిన పిల్లలు మళ్ళీ ఒకచోట చేరాయి. వాటి కింద నల్లగా ఇంకోటి కదిలింది. దాని జతది. ఒక్కపూట సాలదు అన్న సోములమ్మ మాట చెవిలో మోగింది. అతను ఎక్కువసేపు ఆలోచించలేదు. అదే గుడ్డపీలిక మళ్ళీ వేశాడు. అదీ వచ్చి కరిచింది.

పిల్లలు కాసేపు అక్కడక్కడే తిరిగాయి. అంతలో గట్టు మీద కొంగ దిగింది. సోంబరు రాయి తీసి విసిరాడు. అది ఎగిరి మళ్ళీ అక్కడే వాలింది. ఇంకో రాయి విసిరాడు. ఎంతసేపని అదిలిస్తాడు? ఇంటికి పోవాలి.

మొదటిదాన్ని సోములమ్మ మిరియాలు నూరి పులుసు కాచింది. రెండోదాన్ని అతను వసారాలో నీళ్ళ కుండలో వేసి మూత పెట్టాడు. కొర్రమీను కుండలో రెండు రోజులైనా బతికే ఉంటుంది. గురుబారి రెండు ముంతల పులుసు తాగింది. మర్నాడు పొద్దున్నే పాలు పడ్డాయి. పిల్ల గుటక వేసిన చప్పుడు వసారాలోకి వినబడితే సోంబరు లోపలికి పరిగెత్తుకొచ్చి, తడిక పట్టుకుని నిలబడిపోయాడు.

గురుబారి నవ్వింది. అందరూ అడిగేదే అడిగింది. "అంత బురదనీళ్ళలో ఏటెరేసినావు?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "పిల్లలున్న తల్లి మీదేసినాను," అన్నాడు.

గురుబారి పిల్ల తల నిమురుతూ కూర్చుంది.

"మొగుడూ పెళ్ళామూ కలిసే కాత్తాయని నువ్వే అంటావు గదా," అంది చివరికి. "తండ్రి ఉంటాదిలే. ఆటిని సూసుకుంటాది. ఉంది గదా? సెప్పు, ఉంది గదా?"

"ఉంది," అన్నాడు సోంబరు.

వసారాలో కుండ మూత ఎగిరి కిందపడింది. అతను లేచి వెళ్ళి, మూత సరిగ్గా పెట్టి, దాని మీద రాయి ఉంచాడు. మధ్యాహ్నం పులుసుకి దాన్ని కొయ్యాలి.