వంశగ్రంథంలో ఒక కొట్టివేత

ఒకే ఇంటిపేరూ ఒకే మూలస్థానమూ, అంటే వంశం మొదలైన ఊరూ, ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని చట్టమే ఉన్న రోజులవి. నా ఇంటిపేరు బ్యోన్, నేను మనసిచ్చిన హ్యోన్‌పిల్‌దీ బ్యోనే. ఇద్దరి మూలస్థానమూ హ్వాగొక్కే. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మూలపురుషుడు ఒక్కడేనట, అందుకని మేం అన్నాచెల్లెళ్లమట! వింటే నాకు ఒళ్లు మండిపోయేది. తేగు పట్నంలో బట్టల మిల్లులో చేరేదాకా ఆ మనిషి మొహమైనా ఎరగను నేను.

అప్పటికి నాకు నాలుగో నెల. పెళ్లి నమోదు కాకపోతే కుటుంబ రిజిస్టరులో పుట్టే బిడ్డ పేరు పక్కన అక్రమ సంతానం అని పడుతుంది. బడికెళ్లినా ఉద్యోగానికెళ్లినా ఆ రిజిస్టరు నకలే చూపించాలి.

మా నాన్న తేరిప్ నాతో మాట్లాడటం మానేసి రెండు నెలలైంది. ఆయనకి వంశమంటే ప్రాణం. ముప్పై ఏళ్లకోసారి వంశగ్రంథం తిరగరాస్తారు. ఈసారి మా శాఖ పేర్లు పోగుచేసే పని ఆయనదే. సైకిలేసుకుని ఊరూరా తిరిగి పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ రాసుకొచ్చాడు. మర్నాడు పొద్దున్నే రాతప్రతి అచ్చుకి వెళ్లిపోతుంది.

హ్యోన్‌పిల్‌కీ నాకూ మధ్య ఎన్ని తరాల దూరముందో తేల్చుకుందామని ఆ ముందురోజు వంశ సభ భవనంలో మేడ మీద పాత గ్రంథాలుండే గదికి వెళ్లాను. దూరం ఎక్కువైతే కోర్టువాళ్లు కనికరిస్తారేమోనని ఆశ. పాత చీనా అక్షరాలు చిన్నప్పుడు నాన్నే నేర్పాడు. అరవై ఏళ్ల కిందటి గ్రంథంలో ముంగ్యోం అనే ఆయన కొడుకుగా మా ముత్తాత పేరుంది. తొంభై ఏళ్ల కిందటిది తెరిచాను. అప్పటికే ముంగ్యోం పోయాడు. పేరు కింద రెండే చీనా అక్షరాలు, వారసులు లేరని.

బిడ్డల్లేకుండా పోయిన మనిషికి ముప్పై ఏళ్ల తర్వాత కొడుకెక్కడ పుట్టుకొచ్చాడు? ఎవరి చెయ్యి తడిపారో గానీ మావాళ్లని అక్కడ ఇరికించేశారు. అంటే మేం హ్వాగొక్ బ్యోన్లమే కాదు!

గెంతాలనిపించింది. అంతలో కింద గదిలో కుంచెతో రాతప్రతి దిద్దుతూ కూర్చున్న నాన్న గుర్తొచ్చాడు.

రెండు పుస్తకాలూ తీసుకుని దిగాను. సభ పెద్ద, ముసలాయన యూన్‌హో బార్లీ టీ తాగుతున్నాడు. వాటిని నాన్న ముందు పరిచాను. నాన్న చదివాడు. మళ్లీ చదివాడు.

పెద్దాయన తొంగిచూసి తటాలున పుస్తకం మూసేశాడు.

"ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా? దత్తత తీసుకునుంటారులే."

"దత్తతైతే దత్తతనే రాస్తారు కదండీ. మిగతా పేజీల్లో రాశారుగా!"

"నోర్ముయ్! ఇది బయటపడితే ఇంకెన్ని బయటపడతాయో తెలుసా?" నాన్న వైపు తిరిగాడు. "ఏమయ్యా తేరిప్, నేనూ చూళ్లేదు, నువ్వూ చూళ్లేదు. నీ కూతురంటావా, ఎక్కడో దూరంగా కాపురం పెట్టుకుంటుంది. అలా ఎంతమంది బతకట్లేదు?"

నేను నాన్న ముందు మోకాళ్ల మీద కూలబడ్డాను.

"మనం ఆ వంశం కాదని నీ చేత్తో రాసివ్వు నాన్నా. ఈ పుస్తకాలతో పాటు కోర్టుకి చూపిస్తాను. తర్వాత జన్మంతా నాతో మాట్లాడకపోయినా సరే."

"ముప్పై ఏళ్లుగా ఆ పూర్వీకుల సమాధుల మీద గడ్డి కోశానే" అన్నాడు నాన్న. రెండు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట. "సారా పోసి మొక్కాను. వాళ్లు నాకేమీ కారని రాయమంటావా?"

అయినా అనేశాను.

"రాయమంటాను."

నాన్న రాతప్రతి దగ్గరికి లాక్కున్నాడు. కుంచె సిరాలో ముంచాడు. ముత్తాత పేరు మీద గీత లాగాడు. మా తాత పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ గీతా లాగాడు. తర్వాత తన పేరు.

"మతిపోయిందా నీకు!" పెద్దాయన నాన్న మణికట్టు పట్టుకున్నాడు. "ఇది కొట్టేస్తే నువ్వెవడివిరా? ఏ వంశం, ఎవరి బిడ్డవి?"

నాన్న మెల్లిగా చెయ్యి విడిపించుకున్నాడు.

"తెలీదండి. ఈ పిల్ల తండ్రిని. అది ఏ పుస్తకంలోనూ చూసుకోనక్కర్లేదు."

నా వైపు చెయ్యి చాచాడు.

"తెల్ల కాగితమియ్యి తల్లీ."