డొల్ల టేకు

తోమాసుకు అబద్ధమాడటం చేతకాదని చర్చిలో అందరూ అనుకునేవారు. పాపం, వాళ్లకేం తెలుసు! ఉట్నూరు అవతల వాగు ఒడ్డున నిలిచిన ముసలి టేకు చెట్లన్నీ ఆయన ఆడిన ఒక్క అబద్ధం మీదే బతుకుతున్నాయి.

ఆ చెట్లకు అక్కడక్కడా చెవుల్లా బయటికి పొడుచుకొచ్చిన గట్టి పుట్టగొడుగులు ఉంటాయి. అవి పట్టిన ఏ చెట్టయినా లోపల డొల్లేనని, కోస్తే రంపం అరగడం తప్ప చేతికేమీ రాదని తోమాసు ఊరూరా చెప్పాడు. అడవి వాచరు మాట గదా, కలప దొంగలు కూడా నమ్మారు. ఇరవై ఏళ్లుగా వాటి జోలికి రాలేదు.

నిజం వేరు. పుట్టగొడుగుల మీద చదువుకుంటున్న శ్రేయ ఈ వానాకాలం కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు ఆ నిజం మొదటిసారి ఆయన నోరు దాటింది. ఆ పిల్ల బురదలో మోకాళ్ల మీద కూర్చుని పుట్టగొడుగు అడుగుభాగాన్ని భూతద్దంతో చూస్తుంటే ఆయనకు ముచ్చటేసింది.

"అడుగున సూదితోని పొడిచినట్టు సన్న బొక్కలుంటే అది నడిమి చేవ తింటది బిడ్డా. చెట్టు డొల్ల. గీ తేనెపట్టు లెక్క పెద్ద బొక్కలున్నది ఎండిన బెరడు మీదనే బతుకుతది. లోపల చెట్టు గట్టిగనే ఉంటది."

జీపు తోలుకొచ్చిన తోమాసు తమ్ముడు ప్రేమ్‌చంద్ పక్కనే నిలబడి విన్నాడు. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది ఆయనే. వాడి ముందు దాపరికమేముంది? ఇంతలో ఫోను మోగితే వాడు సిగ్నల్ కోసం గుట్టెక్కాడు. అప్పుడు తోమాసు శ్రేయకు మిగతాది చెప్పాడు. పెద్ద బొక్కలదైనా సరే, చెట్టు మొదట్లో నేలకు ఆనుకొని మొలిస్తే నమ్మకూడదు. ఆ చెట్టు వేరు నుంచే కుళ్లి డొల్లయినట్టు.

నెల తిరక్కుండానే ఆరు చెట్లు కూలాయి. అన్నీ పెద్ద బొక్కల పుట్టగొడుగు ఉన్నవే. తోమాసు కడుపు మండిపోయింది. గుట్టెక్కి శ్రేయకు ఫోన్ చేశాడు.

"నిన్ను నా బిడ్డ లెక్క అనుకుంటి గదనే! దొంగలకు లిస్టు రాసిచ్చినవా?"

"నేనెవ్వలికీ చెప్పలే కాకా. చెట్లు యాడున్నయో నా నోట్సుల గూడ రాయలే" అని ఆ పిల్ల ఏడ్చింది. ఆయన వినలేదు. నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశాడు.

తర్వాత మొదళ్లన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఐదు మానులు తీసుకుపోయారు. ఆరోదాన్ని కోసి అక్కడే పారేశారు. లోపల మనిషి దూరేంత డొల్ల. దాని పుట్టగొడుగు చెట్టు మొదట్లో, నేలను ఆనుకొని ఉంది.

శ్రేయ చెప్పి ఉంటే దొంగలు దీన్ని ముట్టుకునేవారే కాదు. సగం మాటే విన్న మనిషి ఇంకొకడున్నాడు. వాడు కాకూడదు ప్రభువా అని దారి పొడవునా వేడుకుంటూ ఇంటికి నడిచాడు.

ప్రేమ్‌చంద్ వాకిట్లో జీపు కడుగుతున్నాడు.

"కోసినోళ్లకు తెలివి లేదురా. ఆరోది డొల్లది. ఉత్తగ కోసిండ్రు" అన్నాడు తోమాసు.

"డొల్లదెట్లయితదే అన్నా? దానికి గూడ పెద్ద బొక్కలే గదా! కోసే ముందు నేనే చెయ్యి వెట్టి చూస్తి!"

అన్నాక గానీ వాడికి తానేమన్నాడో తెలియలేదు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

తోమాసు వాణ్ణి కొట్టలేదు. ఏడుపొచ్చింది. పరాయి పిల్లను అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. కళ్లు తుడుచుకొని అడిగాడు.

"రేంజాఫీసుకు నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

"నీ తమ్మున్నే అన్నా!"

"గందుకే ముందుగాల నిన్నడుగుతున్న."

ప్రేమ్‌చంద్ తల దించుకొని మళ్లీ జీపు తుడవడం మొదలుపెట్టాడు.  తోమాసు తానే రేంజాఫీసుకని ఉట్నూరు రోడ్డు పట్టాడు.